అమ్మమ్మ జవాబులు: ఇల్లు రాసివ్వమంటే ఏం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అరవై దాటినవారు రాసినవే. ఊళ్లు వేరు, కష్టాలు వేరు, కానీ చాలామందిని వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. పిల్లలకు ఏది ఎప్పుడు ఇవ్వాలి, మన చేతిలో ఏది ఉంచుకోవాలి? నేను 1979లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరి 2017లో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా పదవీ విరమణ చేశాను. కౌంటరుకు అవతల నిలబడిన పెద్దవాళ్లను 38 ఏళ్లు చూసిన అనుభవంతో, ఇప్పుడు నేనూ ఆ వరుసలోనే నిలబడుతున్న మనిషిగా ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. వయసు 71. నా భార్య మూడేళ్ల క్రితం కాలం చేసింది. నా జీతంతో, ఆమె పొదుపుతో కట్టుకున్న ఇల్లు నా పేరున ఉంది. ఇద్దరు కొడుకులూ దాన్ని ఇప్పుడే తమ పేర రిజిస్టరు చేయమంటున్నారు. తర్వాత తగాదాలు రాకుండా ఉంటుందని వాళ్ల మాట. చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా అంటున్నారు. ఇవ్వనంటే పిల్లల్ని అనుమానించినట్టు అవుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. వాళ్లకు ఏమని చెప్పాలి? (పేరు వద్దన్న పాఠకులు, తెనాలి)

అన్నయ్యగారూ, మీ కొడుకులు చెడ్డవారని నేను అనుకోవడం లేదు, మీరూ అనుకోకండి. ఇల్లు అడిగిన పిల్లలందరూ తల్లిదండ్రులను వీధిలో పెట్టేవాళ్లు కారు. అయినా దస్తావేజు రాసేటప్పుడు ఈరోజున్న ప్రేమ ఒక్కటే చూస్తే చాలదు. రేపు వాళ్ల ఉద్యోగం పోయినా, అప్పులు పెరిగి ఇంటిని తాకట్టు పెట్టవలసి వచ్చినా, కోడలికీ మీకూ పడకపోయినా మీరు ఎక్కడ తల దాచుకుంటారో కూడా చూసుకోవాలి. ఎవరూ పైకి అనని సంగతి మరొకటి ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు వీలునామా రాయకుండా కన్నుమూస్తే అతని ఆస్తి మొదటి వరుసలో భార్యకు, పిల్లలకు, తల్లికి చెందుతుంది. తండ్రి ఆ వరుసలో లేడు. అటువంటి రోజు ఎవరికీ రాకూడదు. కానీ వస్తే, మీరు కట్టిన ఇంట్లో మీకు చట్టప్రకారం చోటు ఉండదని తెలుసుకుని మరీ సంతకం పెట్టాలి.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒక పెద్దావిడ నెలనెలా పెన్షన్ డబ్బు తీసుకోవడానికి వచ్చేది. ఒకరోజు పాసుపుస్తకం కౌంటరు మీద పెట్టి, "ఇది ఇంటికి తీసుకెళ్లనమ్మా, మీ బీరువాలోనే ఉంచండి" అని బతిమాలింది. ఇల్లు కొడుక్కి రాసిచ్చిన తర్వాత ఆమెకంటూ తాళం వేసుకునే పెట్టె కూడా మిగల్లేదట. ఖాతాదారు పుస్తకాన్ని ఆఫీసులో ఉంచుకోవడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి తిరిగి ఇచ్చేశాను. ఆమె దాన్ని చీర కొంగులో చుట్టి, బొడ్లో దోపుకొని మెట్లు దిగిపోయిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆ కొడుకు ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, అన్నం పెట్టకుండా ఉండనూ లేదు. ఆమెకు ఆ ఇంట్లో లేకుండా పోయినదల్లా తనదని చెప్పుకునే చోటు.

ఇక చట్టం సంగతికి వద్దాం. దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి రిజిస్టరు చేసిన మరుక్షణం ఇల్లు మీది కాకుండా పోతుంది. మనసు మారిందని దాన్ని మీ అంతట మీరు రద్దు చేసుకోలేరు. వీలునామా అలా కాదు. అది మీ తదనంతరమే అమల్లోకి వస్తుంది, బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రిజిస్టరు చేయించమనే నేను చెబుతాను. మీరు సంతకం పెట్టగా చూసిన ఇద్దరు సాక్షులు తప్పకుండా ఉండాలి. ఆ ఇద్దరూ మీకంటే వయసులో బాగా చిన్నవారై, వీలునామాలో వాటా లేనివారై ఉండేలా చూసుకోండి. రేపు కోర్టులో చెప్పవలసి వస్తే ఆ సాక్షులు బతికి ఉండాలి, వాళ్ల మాట మీద ఎవరికీ అనుమానం రాకూడదు. మీ ఇల్లు స్వార్జితమని రాశారు కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది. పెద్దల నుంచి వచ్చిన ఆస్తి అయితే లెక్క వేరు, దానికి మీ ఊళ్లో నమ్మకమైన న్యాయవాదిని అడగండి.

ఏ కారణం చేతనైనా ఇప్పుడే ఇవ్వక తప్పదనుకుంటే రెండు మాటలు దస్తావేజులోనే ఉండాలి. మీ జీవితకాలమంతా ఆ ఇంట్లో నివసించే హక్కు, అద్దె వస్తే దాన్ని అనుభవించే హక్కు మీకే ఉంటాయన్నది మొదటిది. తిండి, బట్ట, వైద్యం చూసుకుంటారన్న షరతు మీదనే ఇస్తున్నారన్నది రెండోది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతుతో ఆస్తి తీసుకున్నవారు ఆ మాట తప్పితే ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినదిగా ఎంచి ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. అయితే ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఈ చట్టం పెద్దల మేలు కోసం వచ్చింది కాబట్టి దాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలంటూ, కొడుక్కి ఆమె ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. ఆ కేసులో తల్లిని చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఆమెను కాపాడింది. నోటిమాటగా చెప్పుకున్నవి అక్కడిదాకా వెళ్లలేవు కాబట్టి ప్రతి షరతునూ కాగితం మీద పెట్టించండి.

మన దగ్గర ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో దగ్గర ఉంటుంది. న్యాయవాది అక్కర్లేకుండా స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు. పోషణ కోసం అడిగే అర్జీని, నోటీసు అందించిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. ఈ దారి ఉందని తెలియక, తెలిసినా పరువు పోతుందని వెళ్లక కుమిలిపోయిన వాళ్లను చూశాను కాబట్టి రాశాను.

మీ అమ్మాయి విషయంలో మీ కొడుకుల మాట నాకు నచ్చలేదు. స్వార్జితాన్ని ఎవరికి ఇవ్వాలన్నది మీ ఇష్టం. కానీ పెళ్లిలో పెట్టింది ఆస్తిలో వాటాకు సరిపోయిందన్న లెక్క మన తెలుగు నేల మీద ఏనాడో పాతబడింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఆమెకు ఇవ్వదలచుకున్నా, ఇవ్వదలచుకోకపోయినా మీరే ఆమెను కూర్చోబెట్టి ఆ మాట చెప్పండి. మీరు పోయాక వీలునామా చదివినప్పుడు తన పేరు లేదని ఆమె తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి.

పిల్లలకు ఏమని చెప్పాలని అడిగారు. ముగ్గురినీ ఒకే రోజు పిలిచి, "ఇల్లు మీకే రాశాను, కాగితం సిద్ధంగా ఉంది, నేను ఉన్నన్నాళ్లూ అది నా పేరునే ఉంటుంది" అని చెప్పండి. తగాదాలు రాకూడదన్నదే వాళ్ల భయమైతే ఆ ఒక్క మాటతో తీరిపోతుంది. బ్యాంకు డిపాజిట్ల సంగతి కూడా అప్పుడే తేల్చండి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను, ఎవరికి ఎంత శాతమో సహా, పెట్టుకునే వీలు వచ్చింది. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసుల హక్కు దానితో పోదు. కాబట్టి వీలునామాలోనూ అవే వాటాలు రాయండి.

ప్రశ్న: నాకు కేంద్ర ప్రభుత్వ పెన్షన్ వస్తుంది. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళితే, చేతివేళ్ల గీతలు అరిగిపోయి యంత్రం వేలిముద్ర తీసుకోవడం లేదు. బ్యాంకు చుట్టూ తిరగలేకపోతున్నాను. (పాఠకురాలు, అనంతపురం)

అమ్మా, వేలిముద్రతో అవసరం లేని పద్ధతి 2021 నవంబరు నుంచే ఉంది. స్మార్ట్‌ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఉంటే మీ ముఖం చూపించి ఇంట్లోనే సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఫోను వాడేవారు ఇంట్లో లేకపోతే మీ పోస్ట్‌మ్యాన్‌ను అడగండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా 70 రూపాయల రుసుముతో ఇంటికే వచ్చి చేసిపెడతారు. 80 ఏళ్లు దాటినవారు నవంబరు దాకా ఆగకుండా అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు.

ప్రశ్న: నా వయసు 74. పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయని, నా ఆధార్ నంబరు దానిమీద ఉందని, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లో ఐదు గంటలు కూర్చోబెట్టారు. ఎవరికీ చెప్పవద్దన్నారు. డబ్బు పంపబోతుండగా పాలవాడు తలుపు తట్టడంతో ఆగాను. ఇన్నేళ్లు ఆఫీసులో లెక్కలు చూసిన నేను ఇలా ఎలా నమ్మానో తెలియడం లేదు. పిల్లలకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. (పాఠకులు, విశాఖపట్నం)

సిగ్గుపడవలసిందేమీ లేదండీ. జీవితమంతా చట్టానికి లోబడి బతికిన మనిషికి పోలీసు మాట వినగానే గుండె దడదడలాడుతుంది. వాళ్లు పట్టుకున్నది మీలోని ఆ మంచితనాన్ని, ఆ భయాన్ని. అందుకే చదువుకున్నవారు, పెద్ద ఉద్యోగాలు చేసినవారు ఈ వలలో ఎక్కువగా చిక్కుకోవడం మనం పత్రికల్లో రోజూ చూస్తున్నాం. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే అడుగు వేయండి అని చెప్పవలసి వచ్చిందంటే ఇది ఎంతగా పాకిపోయిందో ఊహించుకోవచ్చు.

పార్సిల్ పేరు చెప్పారు కాబట్టి తపాలా మనిషిగా నాకు తెలిసింది చెబుతాను. పార్సిల్‌లో అనుమానాస్పదమైనది దొరికితే తపాలా శాఖ మీకు ఫోను చేసి, ఆ ఫోనును పోలీసులకు కలిపి, అక్కడి నుంచి సీబీఐకి కలిపే పద్ధతి ఎక్కడా లేదు. వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే ఈ 'డిజిటల్ అరెస్టు' అన్నదే మన చట్టంలో లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) ప్రకారం అరెస్టు చేసే అధికారి మనిషి ఎదుట ఉండాలి. ఆడవారినైతే, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉన్న అసాధారణ సందర్భాల్లో తప్ప, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. విచారణ పేరుతో మీ ఖాతాలోని డబ్బును 'సరిచూడటానికి' పంపమని ఏ అధికారీ అడగడు.

ఎవరికీ చెప్పవద్దన్న ఆ ఒక్క మాట దగ్గరే ఫోను పెట్టేయాలి. మీ విషయంలో తలుపు తట్టిన పాలవాడు చేసిన పని అదే. అతను ఇంకో మనిషి గొంతు వినిపించాడు, మీరు ఆ గదిలోంచి బయటపడ్డారు. కాబట్టి పిల్లలకు చెప్పి తీరాలి. మీకు తోచినట్టు ఇంటిల్లిపాదికీ తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. పెద్ద మొత్తం ఎవరికైనా పంపవలసి వస్తే ముందు ఆ మాటతో ఒకరికి ఫోను చేయాలన్న కట్టుబాటు పెట్టుకోండి. డబ్బు పోయినవారు ఎవరైనా ఉంటే మర్నాటి దాకా ఆగకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. డబ్బు దొంగల ఖాతాల్లోంచి చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం ఆ మొదటి గంటల్లోనే ఎక్కువ. పరువు పోతుందని రాత్రంతా మౌనంగా కూర్చుంటే ఆ అవకాశం కూడా పోతుంది.

ప్రశ్న: మా ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్లయింది. అప్పటి నుంచి నాకు పని రెట్టింపైంది. పొద్దున చాయ్, తొమ్మిదింటికి టిఫిన్, ఒంటిగంటకు అన్నం, నాలుగింటికి మళ్లీ చాయ్, ఎనిమిదింటికి చపాతి. నాకు 62 ఏళ్లు. నాకు రిటైర్మెంట్ ఎప్పుడు? (పాఠకురాలు, హనుమకొండ)

అక్కా, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా సాయంత్రం ఆఫీసు మూసి ఇంటికి వచ్చాక నా రెండో డ్యూటీ మొదలయ్యేది. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2019 సర్వేలో ఈ లెక్కలు 299, 97. ఐదేళ్లలో మన పని పది నిమిషాలు తగ్గితే వాళ్ల పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది.

మీ ఆయనను సాయం చేయమని అడగకండి. సాయం అడిగితే పని మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ఆయనకు అప్పగించండి. మా ఇంట్లో పొద్దుటి కాఫీ, రైతుబజారు, రాత్రి గిన్నెలు మా ఆయనవి. పాలు అయిపోయాయో లేదో చూసుకోవడం, ఫిల్టరులో డికాక్షన్ వేయడం, పొయ్యి గట్టు తుడవడం అన్నీ అందులో భాగమే. మొదటి నెలలో కాఫీ నీళ్లలా ఉండేది, టమాటాలు సగం మెత్తబడ్డవి తెచ్చేవారు. నేను ఒక్క మాట అనకుండా తాగాను, వండాను. అదే నేను చేసిన కష్టమైన పని. తప్పు పట్టిన రోజున ఆ పని తిరిగి నా చేతికి వచ్చేస్తుందని నాకు తెలుసు. మూడు నెలలు గడిచేసరికి ఏ రైతు దగ్గర బెండకాయ లేతగా ఉంటుందో నాకంటే ఆయనకే బాగా తెలిసింది.

మీ ఆయన వైపు నుంచి కూడా చూడండి. ముప్పై అయిదేళ్లు సంతకాలు పెట్టిన చెయ్యి ఒక్కసారిగా ఖాళీ అయింది. ఇంట్లో తన పనేమిటో తెలియక, గడియారం చూసుకుంటూ పూటకొక పదార్థం అడుగుతున్నారేమో. ఆయనకు ఒక బాధ్యత దొరికితే మీకు ఆ గంట దొరుకుతుంది. ఆ గంటలో మరో ఇంటిపని పెట్టుకోకండి. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లండి, వేయిస్తంభాల గుడి దాకానైనా సరే.

ప్రశ్న: ఒకప్పుడు ఇద్దరే చాలన్న ప్రభుత్వం ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటోంది. పెద్దవారిగా మీ అభిప్రాయం ఏమిటి? (పాఠకులు, ఒంగోలు)

మేము అమ్మిన ఇన్‌లాండ్ కవర్ల మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం గుర్తు ఉన్న కాలం నాకు బాగా జ్ఞాపకం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. కారణం దాచుకోవలసినదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు పుడుతున్నారు. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల పైచిలుకు ఉన్నారు. మనలాంటి వాళ్లు పెరిగి, మనల్ని చూసుకోవలసిన వాళ్లు తగ్గుతున్నారన్న ఆందోళనలో నిజముంది.

పోటీ నిబంధన తీసేయడం మంచిదే. ఆ భయంతో పిల్లను దత్తతకు ఇచ్చేసిన వాళ్లు, పుట్టుకను దాచిపెట్టిన వాళ్లు ఉన్నారని ఊళ్లలో అందరికీ తెలుసు. కానీ కనమని చెప్పేవాళ్లు కన్నాక ఎవరు పెంచాలో కూడా చెప్పాలి. నాకు 1983లో, 1986లో పిల్లలు పుట్టినప్పుడు ప్రసూతి సెలవు 90 రోజులే. తొంభై ఒకటో రోజున పిల్లను మా అత్తగారి చేతిలో పెట్టి కౌంటరు దగ్గర కూర్చున్నాను. నా ఉద్యోగం, నా పెన్షన్ ఆ మహాతల్లి జీతం లేని చాకిరీ మీద నిలబడ్డవి. ఆమె పేరు ఏ సర్వీసు రిజిస్టరులోనూ లేదు. ఈనాడు చట్టం ప్రకారం మొదటి ఇద్దరికీ 26 వారాల సెలవు ఉంది, మూడో కాన్పుకు 12 వారాలే. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశువులను చూసుకునే గది ఉండాలని 2017 సవరణ నుంచీ చట్టం చెబుతోంది. మీ ఊళ్లోని పెద్ద బట్టల దుకాణంలోకి వెళ్లి ఆ గది ఎక్కడుందో అడిగి చూడండి.

నా మనుమరాలి తరం ఎంతమందిని కనాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారులే అన్న ధీమాతో ప్రభుత్వం తన వంతు పనిని తప్పించుకోకూడదు. మనుమలను పెంచడం ఆనందమే, నేనూ పెంచాను. అయితే మోకాళ్లు అరిగిన మనిషిని ఒక పథకంలో భాగంగా లెక్క వేసుకోవడం న్యాయం కాదు.

ప్రశ్న: ఆరు నెలలు న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉండి వచ్చాను. ఎనిమిదేళ్ల మనుమడికి నా మాట అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతాడు. వాడితో నేను మనసారా మాట్లాడుకోలేకపోయాను. ఇక ఇంతేనా? (పాఠకురాలు, ఖమ్మం)

ఇంతే కాదమ్మా. అర్థమవుతోందంటే సగం భాష వాడిలో ఉంది. నోటికి రాకపోవడానికి కారణం వాడికి అవసరం పడకపోవడమే. తాను ఇంగ్లీషులో అన్నా ఇంట్లో అందరికీ తెలుస్తుందని వాడికి తెలుసు. "తెలుగులో చెప్పరా, తెలుగులో చెప్పు" అని మనం వెంటపడితే తెలుగు అంటే పరీక్షలా తోస్తుంది. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, ఆమె కూతురికి తొమ్మిదేళ్లు. మొదట్లో నేనూ అదే పొరపాటు చేశాను. వీడియోలో కనబడగానే "ఏం తిన్నావు, తెలుగులో చెప్పు" అనేదాన్ని. కొన్నాళ్లకు నా ఫోను రాగానే ఆ పిల్ల గదిలోకి వెళ్లిపోవడం మొదలుపెట్టింది.

అప్పుడు పద్ధతి మార్చాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి మనకు వేసవిలో మర్నాడు ఉదయం ఏడు, చలికాలంలో ఎనిమిది. అది వాళ్లు నిద్రపోయే ముందు వేళ, నేను కాఫీ తాగి కూర్చునే వేళ. రోజూ పది నిమిషాలు కథ చెబుతాను. జవాబు ఏ భాషలో చెప్పినా సరేననుకున్నాను. కథను మాత్రం మంచి పట్టు మీద ఆపి, "తర్వాత ఏమైందో రేపు నువ్వు అడిగితే చెబుతాను" అంటాను. అడగాలంటే ఆ పాత్రల పేర్లు, రోలు, రోకలి, గాదె, ఏతాము లాంటి మాటలు తెలుగులోనే అడగాలి, వాటికి దాని దగ్గర ఇంగ్లీషు లేదు. అలా ఒక్కొక్క మాటగా దాని నోటికి వచ్చాయి. గాదె అంటే ఏమిటో చూపించడానికి మా ఆయన పాత ఇంటికి వెళ్లి ఫొటో తీసుకొచ్చారు.

చదవడం, రాయడం మాత్రం మన ఒక్కరివల్ల కాదు. సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతులు అమెరికాలో చాలా ఊళ్లలో వారాంతాల్లో నడుస్తున్నాయి. మీ కొడుకును, కోడలిని కనుక్కోమనండి, కానీ బలవంతం చేయకండి. వారమంతా ఉద్యోగాలు చేసి శనివారం పిల్లలను కారులో తిప్పేది వాళ్లే. అక్షరాలు వచ్చాక ఆ చదువుకు ఒక ప్రయోజనం కల్పించడం మన పని.

నేను నెలకు ఒక ఉత్తరం రాస్తాను, కాగితం మీద, పెద్ద అక్షరాలతో, అయిదారు వాక్యాలకు మించకుండా. 2025 ఆగస్టులో అమెరికా సుంకాల నిబంధనలు మారి మన తపాలా శాఖ ఆ దేశానికి బుకింగులు ఆపినప్పుడు, రెండు నెలల ఉత్తరాలు రాసి బల్ల మీద పెట్టుకున్నాను. అక్టోబరు 15న మళ్లీ మొదలయ్యాయని తెలియగానే రెండింటినీ ఒకే కవరులో పెట్టి పంపాను. పోయిన నెల జవాబు వచ్చింది. నాలుగు వరుసలు, అందులో 'ళ' రాయవలసిన చోటల్లా 'ల' ఉంది, ఒత్తులు సగం లేవు. కథలోని ముసలమ్మ గాదెలో దాక్కున్న ఎలుకకు చివరికి గింజలు పెట్టిందా లేదా అని అడిగింది. నేను తప్పులు దిద్దలేదు. పెట్టిందని రాసి, ఎలుక ఆ గింజలను ఏం చేసిందో వచ్చే ఉత్తరంలో చెబుతానన్నాను. మీ మనుమడి వయసు కూడా దానికి దగ్గరే కాబట్టి మీరు ఈ ఆదివారమే మొదటి ఉత్తరం రాయండి. కవరు మీద చిరునామా ఇంగ్లీషులో ఉండాలి, లోపల వాడి పేరు మాత్రం తెలుగులో, పెద్దగా రాయండి.